టైగర్ ట్యాంకు పుస్తకాలూ, మన సంఘం దుడ్లూ

 

ఈసారి పోస్టు రవంత పొడుగు. కాఫీ పెట్టుకొని చదవండి.

మన రీడింగ్ రూములో పిల్లోళ్ళు ఆదివారం పూట ప్లాస్టిక్ మోడళ్ళు చేస్తా ఉండేది మీకందరికీ తెలుసు. మంచి పనే. ఫోను పక్కన పెట్టి రెండు గంటలు కూర్చుంటారు, చెయ్యి కుదురుతుంది. వాళ్ళకి ఆధారంగా ఉండేదానికి పుస్తకాలు కొందామని కమిటీ గ్రూపులో లిస్టు పెట్టింది. పదకొండు పుస్తకాలు, అన్నీ రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ట్యాంకుల మీదే. ఆ లిస్టు మొత్తం చూసినాను. పదకొండులో ఎనిమిది దండగ. ఆ ఎనిమిదికీ నేను ఓటు వెయ్యను, మిమ్మల్ని కూడా వెయ్యొద్దనే అడుగుతా ఉండాను.

లిస్టు ఎట్ల తయారైందో చూడండి. పెద్ద సైజు, గట్టి అట్ట, లోపల నిగనిగలాడే రంగు బొమ్మలు, మూడు వందల పేజీలు. ఇదీ కొలత! పైన పటారం లోన లొటారం అని మన పెద్దోళ్ళు ఊరికే అనలేదు. మోడల్ చేసేవానికి కావలసింది అందమైన బొమ్మ కాదు, సాక్ష్యం. ఏ ట్యాంకు, ఏ ఫ్యాక్టరీలో, ఏ నెలలో తయారైంది, ఆ నెలలో దాని మీద ఏముండె, ఏం లేకుండె. ఇది చెప్పని పుస్తకం మూడు వందల పేజీలున్నా గోడ మీద వేలాడే క్యాలెండరుతో సమానం.

ఒక ఉదాహరణ. టైగర్ 1 ట్యాంకు 1942 ఆగస్టు నుంచి 1944 ఆగస్టు దాకా కాసెల్ ఊర్లో హెన్షెల్ కంపెనీలో తయారైంది. మొత్తం సుమారు 1,350. రెండేండ్లు, ఒకే ట్యాంకు అనుకుంటాం. కాదు. 1943 మధ్యలో పైన కమాండర్ తల పెట్టే కుపోలా మారిపోయింది. అదే ఏడాది చివరి నెలల్లో జిమ్మెరిట్ అనే గరుకు పూత వచ్చింది. అయస్కాంతం మైన్లు అంటుకోకుండా ఉండేదానికి పూసిన పేస్టు అది. 1944 సెప్టెంబరులో ఆ పూత ఆపేసినారు. 1944 మొదట్లో రబ్బరు పట్టీ ఉండే చక్రాలు పోయి ఉక్కు చక్రాలు వచ్చినాయి. ఇంగ్లండులో బోవింగ్టన్ మ్యూజియంలో ఉండే టైగర్ 131ని 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో పట్టుకున్నారు, కాబట్టి దాని మీద ఆ పూత ఉండదు. మన పిల్లోడు ఒకడు 131 అని నంబరు అంటించి ఒళ్ళంతా జిమ్మెరిట్ గీతలు గీసినాడు. తప్పు వానిది కాదు. వాని చేతికిచ్చిన పుస్తకంలో రెండు బొమ్మలూ ఒకే పేజీలో, తేదీ లేకుండా, పక్కపక్కనే ఉండాయి.

ఇప్పుడు నా శాఖకి వస్తా. నేను చూసింది గూడ్స్ ఆఫీసు బల్ల. కొలత మించిన సరుకు వ్యాగన్ మీద వస్తే దాన్ని మేం ఓడీసీ అంటాం. దానికి వేరే అనుమతి, వేరే వేగం, ఎదురు లైను మీద బండి వచ్చేటప్పుడు వేరే జాగ్రత్త. మన బ్రాడ్ గేజి 1,676 మిల్లీమీటర్లు, జర్మనీది 1,435. టైగర్ యుద్ధం పట్టాలతో వెడల్పు 3.7 మీటర్లకు పైన. అంత వెడల్పు సరుకు వాళ్ళ రైల్వే హద్దులో పట్టదు. అందుకని వాళ్ళు ఏం చేసినారు? ప్రతి టైగర్‌కీ రెండు జతల పట్టాలు పెట్టినారు. యుద్ధానికి 725 మిల్లీమీటర్లవి, రైలు ప్రయాణానికి 520 మిల్లీమీటర్లవి. రైలెక్కించే ముందు వెడల్పు పట్టా విప్పాల, బయటి వరస చక్రాలు పీకాల, ఇరుకు పట్టా వెయ్యాల. అప్పుడు వెడల్పు 3.15 మీటర్లకు దిగుతుంది. ఆరు ఇరుసుల ఫ్లాట్ వ్యాగన్ మీద ఎక్కించాల. దిగినాక మళ్ళీ ఇదంతా తలకిందులుగా చెయ్యాల. 57 టన్నుల బండికి!

ఈ సంగతి తెలిసినోడు మోడల్ చేస్తే ఎట్ల ఉంటుందో ఆలోచించండి. మనోళ్ళు చేసే 1/35 స్కేలులో 725 అంటే 20.7 మిల్లీమీటర్లు, 520 అంటే 15కి రవంత తక్కువ. స్కేలు పెట్టి కొలిస్తే తెలిసిపోతుంది. ఇంకో మెలిక కూడా ఉంది. ఉక్కు చక్రాలు వచ్చినాక ఇరుసుకి మూడు చక్రాలు పోయి రెండే అయినాయి, పక్కకి 24 ఉండేది 16 అయింది. పీకేదానికి బయటి వరసే లేదు. కాబట్టి 1944 నాటి ఉక్కు చక్రాల టైగర్‌ని వ్యాగన్ మీద పెట్టి, పక్కన పీకిన చక్రాలు పేర్చి చూపిస్తే అది తప్పు బొమ్మ. లిస్టులో ఉండే ఒక ఖరీదైన పుస్తకంలో సరిగ్గా ఇట్లాంటి రంగు చిత్రం అట్ట మీదే ఉంది. అట్ట మీదే ఇట్ల అంటే లోపల ఏముంటుందో మీరే లెక్క వేసుకోండి.

పుస్తకం మంచిదో కాదో చూసేదానికి నేను రెండు పేజీలు తిప్పుతా. మొదటిది పాంథర్ పేజీ. పాంథర్ మోడళ్ళు వచ్చిన వరస డి, తర్వాత ఏ, తర్వాత జి. అక్షరాల వరస కాదు, అందుకే అక్కడ చాలామంది రచయితలు జారిపడతారు. 1943 జులైలో కుర్స్క్ యుద్ధానికి వచ్చినవి డి మోడళ్ళు. రెండోది కింగ్ టైగర్ పేజీ. ఆ ట్యాంకుకి మొదటి 50కి ఒక రకం టరెట్, మిగతావాటికి వేరే రకం. మొదటిదాన్ని పోర్షె టరెట్ అనడం అలవాటైపోయింది. కానీ రెండూ డిజైన్ చేసింది క్రుప్ కంపెనీనే. అలవాటు పేరుగా రాస్తే సరే, పోర్షె డిజైన్ చేసినాడని రాస్తే ఆ రచయిత పాత పుస్తకం చూసి కాపీ కొట్టినాడని అర్థం. మూసి అంగడోనికి తిరిగి ఇచ్చేయండి.

మరి ఏవి కొనాల? నా మాట సూటిగా. అమెరికావాడు థామస్ జెంట్జ్, ఐర్లండువాడు హిలరీ డాయిల్ కలిసి చేసిన పాంజర్ ట్రాక్ట్స్. చూసేదానికి పలచని పుస్తకాలు. అట్ట మెత్తన. అందుకే మన కమిటీకి నచ్చలేదేమో! లోపల డాయిల్ గీసిన 1/35 గీతచిత్రాలు ఉంటాయి, బతికి మిగిలిన ట్యాంకుల మీద కొలతలు తీసి, అసలు కాగితాలు చూసి గీసినవి. కిట్ ముక్క తీసి ఆ గీత మీద పెడితే చాలు. ఇంగ్లీషు రానోనికి కూడా పనికొస్తుంది. నేను తమిళ మీడియంలో చదువుకున్నోణ్ణి, ఇంగ్లీషు పేరాలు కూడబలుక్కొని చదువుతా, గీతచిత్రం మాత్రం ఎవరి సాయం లేకుండా అర్థమవుతుంది. దీనితో బాటు పీటర్ చాంబర్లిన్, డాయిల్ 1978లో తెచ్చిన జర్మన్ ట్యాంకుల ఎన్‌సైక్లోపీడియా ఒకటి, అన్ని రకాలూ ఒకచోట చూసుకునేదానికి. కొత్తగా మొదలుపెట్టే పిల్లలకి ఆస్ప్రే వాళ్ళ న్యూ వాన్‌గార్డ్ వరసలో 48 పేజీల పుస్తకాలు రెండో మూడో. అయితే వాటిలో కూడా రచయిత పేరు చూసి కొనాల, వరస పేరు చూసి కాదు. ఒకే వరసలో వజ్రం ఉంటుంది, గులకరాయీ ఉంటుంది.

రంగు సంగతి వేరే చెప్పాల. యుద్ధం మొదట్లో జర్మన్ ట్యాంకులన్నీ ముదురు బూడిద రంగే అని దశాబ్దాల పాటు అందరూ రాసినారు, అందరూ అట్లే పూసినారు. జెంట్జ్, డాయిల్ అప్పటి సైన్యం ఉత్తర్వులు తవ్వి తీస్తే ఏం తేలింది? 1940 జులై దాకా బూడిద మీద మూడో వంతు ముదురు గోధుమ రంగు కూడా పూయాలని ఉత్తర్వు. నలుపు తెలుపు ఫొటోలో ఆ రెండూ ఒకటిగానే కనిపిస్తాయి, అందుకని ఎవరికీ తట్టలేదు. ఫొటో చూసి రాసినోళ్ళంతా తప్పు రాసినారు, కాగితం చూసినోడే సరిగ్గా రాసినాడు. గ్రూపులో ఒక తమ్ముడు "అంకుల్, అన్నీ నెట్‌లో ఫ్రీగా కలర్‌లోనే ఉన్నాయి కదా" అన్నాడు. నాయనా, ఆ కలర్ ఇప్పుడు కంప్యూటరు వేసింది. దానికి గోధుమ రంగు ఎక్కడుందో ఎవరు చెప్పినారు?

ఇంక నాకు నిజంగా కోపం వచ్చిన సంగతి. లిస్టులో నాలుగు పుస్తకాలు ట్యాంకుల గురించి కానే కావు, ట్యాంకు "వీరుల" గురించి. ఫ్రాంజ్ కురోవ్‌స్కీ పుస్తకాలూ, వాటిని చూసి రాసినవీ. విట్‌మన్ విల్లర్స్ బొకాజ్‌లో 1944 జూన్ 13న ఏం చేసినాడో సినిమా కతలాగా రాస్తారు. ఆయన వాఫెన్ ఎస్ఎస్ అధికారి అనే మాట ఒక బిరుదులాగా వస్తుంది, ఆ ఎస్ఎస్ ఏం చేసిందో ఎక్కడా రాదు. ఇట్లాంటి పుస్తకాల మీద రొనాల్డ్ స్మెల్సర్, ఎడ్వర్డ్ డేవిస్ అనే ఇద్దరు చరిత్రకారులు 2008లో ఒక పుస్తకమే రాసినారు. తూర్పు రంగంలో జర్మన్ సైన్యం మచ్చలేని వీరుల సైన్యం అనే కత అమెరికా పాఠకుల మధ్య ఎట్ల పాకిందో అందులో ఉంది. మోడల్ చేసేదానికి వీరుల పుస్తకంలో ఒక్క కొలత లేదు, ఒక్క గీత లేదు. మరి ఎందుకు కొనాల? పద్నాలుగేండ్ల పిల్లోడు దాన్ని చదివి ఎవని ఫొటో గోడకి అంటించుకోవాలని?

"బొమ్మ చేసేవానికి చరిత్ర ఎందుకు, రాజకీయం ఎందుకు" అని ఒక పెద్దాయన వాయిస్ మెసేజి పెట్టినారు. ఆయన మీద గౌరవం ఉంది, మాట మీద లేదు. పాంజర్ 4 ట్యాంకు చేసేవాడు అది ఏ ఫ్యాక్టరీలో తయారైందో చూడాల్సిందే, ఫ్యాక్టరీకి ఫ్యాక్టరీకి తేడాలుంటాయి. ఆస్ట్రియాలో సాంక్ట్ వాలెంటిన్ దగ్గర నీబెలుంగెన్‌వెర్క్ అనే ఫ్యాక్టరీ పేరు వస్తుంది. అక్కడ 1944లో మౌత్‌హౌసెన్ నిర్బంధ శిబిరానికి ఒక ఉపశిబిరం పెట్టి, ఖైదీలతో పని చేయించినారు. కాసెల్‌లో హెన్షెల్ కూడా బలవంతంగా తెచ్చిన కూలీలతో నడిచింది. ఫ్యాక్టరీ పేరు దాకా చదివి తర్వాతి లైను మూసేస్తే అది ఎట్లాంటి చదువు?

గుర్తుల గురించి కూడా ఒక మాట. ఒక అమ్మ భయపడి అడిగింది, పిల్లలు ఆ హిట్లర్ గుర్తు అంటిస్తా ఉండారే అని. ట్యాంకు పక్కల ఉండేది నలుపు తెలుపు శిలువ గుర్తు. హిట్లర్ గుర్తు జెండా రూపంలో వెనక మూత మీద పరిచేవాళ్ళు, తమ విమానాలే బాంబు వెయ్యకుండా. ఆఫ్రికాలో తాటిచెట్టు గుర్తు మధ్యన చిన్నగా ఉండేది. అంతే. నాలుగు పక్కలా పెద్దగా అంటించడం రెండు విధాలా తప్పు, చరిత్ర ప్రకారమూ తప్పే. ఇదీ మంచి పుస్తకంలో ఉంటుంది, వీరుల పుస్తకంలో ఉండదు.

కృష్ణగిరి సభ్యులు కొందరు "జర్మన్ ట్యాంకుతో మనకేం సంబంధం, కోట మోడల్ చేయించండి" అంటా ఉండారు. కోట కూడా చేయిద్దాం, నాకేం అభ్యంతరం లేదు. కానీ సంబంధం లేదని మాత్రం అనొద్దు. మొరప్పూరు నుంచి ధర్మపురి మీదుగా హోసూరుకి వచ్చే చిన్న గేజి లైను ఆ యుద్ధం రోజుల్లోనే పోయింది. ఇటలీలో ఈ ట్యాంకులకి ఎదురుగా మన 4వ, 8వ, 10వ ఇండియన్ డివిజన్లు నిలిచినాయి. బెంగళూరు కేంద్రంగా ఉండే మద్రాస్ శాపర్లు అక్కడ మైన్లు ఏరినారు, వంతెనలు కట్టినారు. వాళ్ళలో సుబేదార్ సుబ్రమణియన్ 1944 ఫిబ్రవరి 24న మిన్యానో దగ్గర పేలబోయే మైన్ మీద తానే పడి పక్కనోళ్ళని కాపాడి చనిపోయినాడు. కాంచీపురం వైపు మనిషి. ఆయనకి జార్జ్ క్రాస్ ఇచ్చినారు. లిస్టులో విట్‌మన్ మీద రెండు పుస్తకాలు, సుబ్రమణియన్ మీద సున్నా.

అందుకని నా ప్రతిపాదన. పదకొండులో వీరులవి నాలుగు, రంగు బొమ్మలవి నాలుగు కొట్టెయ్యండి. మిగిలిన మూడు ఉంచండి, ఆస్ప్రేవే కాబట్టి. కొట్టేసిన ఎనిమిదింటి దుడ్లతో టైగర్, పాంథర్, పాంజర్ 4 మీద పాంజర్ ట్రాక్ట్స్, చాంబర్లిన్ ఎన్‌సైక్లోపీడియా సెకండ్ హ్యాండైనా సరే ఒకటి, భారత ప్రభుత్వం అధికార చరిత్రలో ధరం పాల్ రాసిన ఇటలీ యుద్ధం సంపుటం ఒకటి కొనండి. జిరాక్స్ కట్టలు మాత్రం వద్దు. బెంగళూరులో ఒక అంగడోడు నాకు "ఇంపోర్టెడ్ బుక్" అని అమ్మింది విప్పి చూస్తే జిరాక్సే, స్కేలు కూడా చెడిపోయి ఉండె. 1/35 గీత 1/37 అయితే దాని మీద కిట్ పెట్టి ఏం కొలుస్తారు?

లిస్టు తయారుచేసినవారు ఆదివారం మీటింగుకి ఆ పెద్ద పుస్తకాల్లో ఒకటైనా తీసుకొని రండి. కింగ్ టైగర్ పేజీ తెరిచి బల్ల మీద పెట్టండి. స్టీలు స్కేలు నేను తెస్తా.