వాకిటి కావలిని వెళ్లగొట్టినదెవరు?

తలుపు దగ్గర కాపలా ఉండే మనిషిని తెలుగులో ఏమంటారని మన సరిహద్దు జిల్లాల పిల్లలను అడిగి చూడండి. బడిలో తెలుగు చదివినవాడు ‘ద్వారపాలకుడు’ అంటాడు. చదవనివాడు ‘వాచ్‌మన్’ అంటాడు. ‘వాకిటి కావలి’ అనేవాడు అరుదు. ఆ మాట పలికే ముసలివారిని చూసి ‘అరవం కలిసిన తెలుగు’, ‘కన్నడం కలిసిన తెలుగు’ అని వెక్కిరించే పెద్దమనుషులు అటు ఆంధ్రలోనూ ఉన్నారు, ఇటు మన మధ్యనూ ఉన్నారు.

అయ్యా, వాకిలి ఎవరి సొత్తు? తమిళుల వాయిల్, కన్నడిగుల బాగిలు, మన వాకిలి ఒక తల్లి బిడ్డలు. వాయి అంటే నోరు, ఇల్ అంటే ఇల్లు. ఇంటికి నోరు వాకిలి. ఇల్లు ‘ఇంటి’ అయినట్లే వాకిలి ‘వాకిటి’, లోగిలి ‘లోగిటి’ అవుతాయి. చిన్నయసూరి ఔపవిభక్తికమన్నది దీనినే. అరువు మాట మన వ్యాకరణంలో ఇంతగా వేళ్లూనుకుంటుందా? ఇక కావలి అంటారా, కాచు నుండి పుట్టినదే. కాపు, కాపరి దాని చుట్టాలే.

అర్థంలోనూ భేదమున్నది. తలుపు చెక్క, గడప కాలికింది అడ్డు, ద్వారం కేవలం దారి. వాకిలి వీటికి మించినది. మన ఆడవారు ‘వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టాలి’ అన్నప్పుడు తలుపును ఊడ్చరు గదా! ఇంటిముందు నేలంతా వాకిలే. కనుక వాకిటి కావలి ఇంటికీ వీధికీ నడుమ ఉన్న ఆ చోటునంతటినీ కనిపెట్టి ఉండే సజీవుడైన మనిషి. ద్వారపాలకుడు అనగానే కంటికి కనబడేది గద పట్టిన రాతి విగ్రహం. సంస్కృతంతో మనకు వైరం లేదు. గుడిలో ఆ మాట నిక్షేపంగా ఉండవచ్చు. అయితే తిరుమలలో జయవిజయులు నిలిచిన చోటు సైతం భక్తుల నోట ‘బంగారు వాకిలి’యే.

కృష్ణదేవరాయల నగరి వాకిట కాపున్న తిమ్మన చాటుకథ మన పెద్దలకు తెలిసినదే. కవులు అతనికోసం తలా ఒక పాదం చెప్పగా తెనాలి రామకృష్ణుడు చివరి పాదంతో పచ్చడం కాజేశాడట. చరిత్ర కాదు, చాటువే. కానీ అందులో అతడు వాకిటికావలి తిమ్మడు, ద్వారపాలక తిమ్మడు కాదు. ఆ హంపి 1953లో బళ్లారితోపాటు మైసూరు రాష్ట్రంలో చేరింది. సరిహద్దు మారినంతమాత్రాన తిమ్మని బిరుదు కల్తీ తెలుగై పోయిందా?

తమిళనాడులో 2006 నాటి తమిళ నిర్బంధ చట్టం వచ్చిన తరువాత, తెలుగులో పరీక్ష వ్రాసే హక్కు కోసం మనవారు కోర్టుల మెట్లెక్కారు. ఎక్కవలసినదే. కానీ తెలుగు తరగతిలోనే పిల్లవాని ఇంటి మాటను తప్పని కొట్టివేస్తే, ఆ హక్కు చేతికి వచ్చిననాడు దానిని వాడుకొనేవాడు మిగలడు. చట్టం చేయలేని పనిని మన అయ్యవార్ల ఎర్రసిరా చేస్తున్నది.

వాకిలి, గడప, గుమ్మం, గడియ, గొళ్లెం, కావలి: మీ అవ్వ నోట విన్న మాటలన్నీ పిల్లలచేత వ్రాయించి బడికి పంపండి. అయ్యవారు కొట్టివేస్తే, ఏ నిఘంటువు ప్రకారమో వ్రాసి ఇమ్మని అడగండి.