జిల్లాకు ర్యాంకు సరే, స్త్రీకి మాట ఏదీ?

"వెనకబడిన జిల్లా" అనే మాట మన పాలకులకు కొత్త కాదు. యాభై ఏళ్లుగా దానికి ఒకదాని తర్వాత ఒకటి పథకాలు తగిలిస్తూనే ఉన్నారు. పథకం పేరు మారినప్పుడల్లా ఆ డబ్బు మీద పెత్తనం కూడా చేతులు మారింది. మనం నిలదీయాల్సింది ఆ పెత్తనాన్నే.

1971లో కేంద్రం వెనకబడిన జిల్లాల్లో ఫ్యాక్టరీలు పెట్టేవారికి పెట్టుబడి సబ్సిడీ ప్రకటించింది. అప్పుడు పెత్తనం పెట్టుబడిదారుది. వెనకబడిన మెదక్ జిల్లాలో రాయితీల అండతో పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడలు పెరిగాయి. వాటి వ్యర్థాలు నక్కవాగులో కలిసి పొలాలూ బావులూ పాడయ్యాయి. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు ఎక్కింది. బావి పాడైతే దూరం నుంచి బిందె మోసేదెవరు? పొలం పాడైతే నాట్ల కూలీ, కలుపు కూలీ పోగొట్టుకునేదెవరు? సబ్సిడీ లెక్కల్లో ఈ నష్టానికి చోటు లేదు. 1988లో సబ్సిడీ ఆగిపోయింది. విషం మాత్రం వాగులోనే మిగిలింది.

2006-07లో వెనకబడిన ప్రాంతాల గ్రాంటు నిధి వచ్చింది. దేశంలో 250 జిల్లాలు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 13. ఈసారి ప్రణాళిక గ్రామసభలో మొదలవ్వాలన్నారు. 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మూడోవంతు సీట్లు స్త్రీలకిచ్చింది. సర్పంచ్ భర్తలు, కాంట్రాక్టర్లు అడ్డుపడని ఊళ్లు తక్కువే. అయినా వార్డు సభ్యురాలు లేచి "మా వాడకు నీళ్లేవి?" అని అడిగితే ఆ ప్రశ్న వెనక నిధి ఉండేది. 2015లో కేంద్రం తన వాటా ఆపేసింది. పన్నుల్లో రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచాం కదా అంది. రాష్ట్రానికి పెరిగింది వెనకబడిన ఊరి పంచాయతీకి చేరుతుందని హామీ ఎవరిచ్చారు?

2018లో వచ్చినవి ఆకాంక్షిత జిల్లాలు. మన కడప, ఆసిఫాబాద్, భూపాలపల్లి ఆ జాబితాలోవే. 49 సూచికలు, వాటి మీద జిల్లాలకు ర్యాంకులు. పెత్తనం కలెక్టరుకూ, ఢిల్లీ నియమించే అధికారికీ చేరింది. గర్భిణుల పరీక్షలు, పిల్లల బరువులు లెక్కపెట్టడం తప్పని మేం అనడం లేదు. కానీ ఆ అంకెల కోసం ఇల్లిల్లూ తిరిగే ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలకు దక్కేది జీతం కాదు, గౌరవ వేతనం. స్త్రీ పేరున పట్టా ఉందా, మగవాడితో సమానంగా కూలి అందుతోందా అన్న ప్రశ్నలు ఆ 49లో లేవు.

స్త్రీలను లెక్కపెట్టడం వేరు, స్త్రీలు లెక్క అడగడం వేరు. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని లాగేసుకుంటే అది అభివృద్ధి కాదు.

అందుకే మన డిమాండ్లు మూడు. వెనకబడిన ప్రాంతాల నిధుల్ని మళ్లీ గ్రామసభ ప్రణాళికతో ముడిపెట్టాలి, దానికి ముందు స్త్రీల సభ జరగాలి. పట్టా, కూలి, నీళ్ల దూరం సూచికల్లో చేరాలి. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తల్ని కార్మికులుగా గుర్తించి వేతనమివ్వాలి.

వచ్చే గ్రామసభకు సంఘమంతా కలిసి వెళ్దాం. మా ఊరి పేరు మీద వచ్చిన డబ్బెంత, దేనికి ఖర్చయింది, ఎవరు నిర్ణయించారని అడుగుదాం. జవాబు తీర్మానాల పుస్తకంలోకి ఎక్కేదాకా కదలొద్దు.