గేర్లు లేకున్నా... చలో సూర్యలంక!

1923లో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ల మీద బయల్దేరారు. 1928 నాటికి వాళ్లలో ముగ్గురు ప్రపంచాన్నే చుట్టి వచ్చారు. మరి మూలనపడ్డ నాన్నగారి సైకిలు రేపల్లె నుంచి సూర్యలంక తీరం దాకా వెళ్లలేదా? భేషుగ్గా వెళ్తుంది... కాస్త సింగారిస్తే!

డెల్టాలో ఎత్తుపల్లాల్లేవు. బాధల్లా మధ్యాహ్నం సముద్రం మీంచి వచ్చే ఎదురుగాలితోనే. ముందు 44 పళ్లు, వెనక 18 పళ్ల ఫ్రీవీల్ ఉంటే పెడల్ ఒక చుట్టుకు బండి దాదాపు 5.4 మీటర్లు వెళ్తుంది. వెనక 22 పళ్లది వేయిస్తే నాలుగున్నర మీటర్లే. వేగం తగ్గినా మోకాళ్లకు సుఖం. చైనుకు లింకులు కలపాల్సి రావచ్చు.

ఓవరాయిలింగ్ చేయించి, పుల్లలు బిగింపించండి. సామాను వీపున వద్దు. క్యారియర్‌కు రెండువైపులా సమానంగా, మడమకు తగలకుండా సంచులు కట్టండి. పెడల్ మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా చాగేంత ఎత్తులో సీటు ఉండాలి. పంపు, ట్యూబు, స్పానరు తప్పనిసరి. బ్రేకు రబ్బర్లు కొత్తవి వేయించండి. తడిసిన రిమ్ము మీద బ్రేకు ఆలస్యంగా పడుతుంది. వానలో నిదానమే శ్రీరామరక్ష.

ముందుగా సామానుతోనే భట్టిప్రోలు స్తూపం దాకా వెళ్లిరండి. ఏ నట్టు వదులో అప్పుడే తెలిసిపోతుంది. సూర్యలంక ఆ తర్వాతే!