తొందరపెట్టే అమ్మకాలు, నిండిపోయే సజ్జలు

ఫోన్ తెర మీద ఎర్రటి అంకెలు సెకను సెకనుకూ తగ్గిపోతుంటాయి. ‘ఇంకా రెండే మిగిలాయి’, ‘ఈ ధర ఈ రాత్రి వరకే’ అంటూ కింద అక్షరాలు మెరుస్తుంటాయి. అంతవరకు ఎయిర్ ఫ్రయర్ ఊసే లేని ఇంట్లో, ఇప్పుడు తీసుకోకపోతే నష్టపోతామన్న కంగారు మొదలవుతుంది. ఆ కంగారు దానంతటది పుట్టింది కాదు, పనిగట్టుకుని పుట్టించింది. వినియోగదారుల హక్కులు చూసే కేంద్ర సంస్థ సీసీపీఏ 2023 నవంబరు 30న కొనేవారిని ఏమార్చే ‘డార్క్ ప్యాటర్న్స్’ మీద మార్గదర్శకాలు నోటిఫై చేసింది. వాటిలో 13 రకాల ఎత్తుగడలను పేర్కొంది. సరుకు అయిపోతోందనో, గడువు దాటిపోతోందనో అబద్ధం చెప్పి తొందరపెట్టడం ఆ జాబితాలో మొదటిది. అడగని వస్తువును బుట్టలో కలిపేయడం, వద్దన్నవారిని చిన్నబుచ్చేలా మాటలు రాయడం ఆ తర్వాతివి.

ఇల్లు సామాన్లతో నిండిపోయిందంటే నింద ఇంట్లోవాళ్ల మీదే పడుతుంది. ఆవిడకు చీరల పిచ్చి అంటారు, ఆయనకు గాడ్జెట్ల పిచ్చి అంటారు. మంచి వస్తువు కనిపిస్తే ఆశ పడటం ఏ కాలంలోనైనా ఉన్నదే. ఆశ పడటానికీ డబ్బు చెల్లించడానికీ మధ్య ఉండే వ్యవధే ఈ పాతికేళ్లలో కరిగిపోయింది.

మునుపు సంత వారానికోసారి. జీతం ఒకటో తారీకున. డబ్బు బీరువాలో ఉంటే, తీసేముందు ఇంట్లో ఇంకొకరితో ఒక మాట అనుకోవాల్సి వచ్చేది. అలా ఆగిన నాలుగు రోజుల్లో చాలా కోరికలు వాటంతటవే చల్లారేవి. ఒకే క్లిక్‌తో కొనే పద్ధతికి అమెజాన్ 1999లోనే అమెరికాలో పేటెంటు సంపాదించింది. కొనేవాడికి ఒక మెట్టు తగ్గిస్తే అమ్మకం ఎంత సులువవుతుందో వ్యాపారానికి అప్పుడే తెలుసు. మన దేశంలో ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు అదనపు ధ్రువీకరణ ఉండాలని రిజర్వు బ్యాంకు 2009లో తప్పనిసరి చేసింది. మోసాలను అరికట్టడానికి పెట్టిన నిబంధనే అయినా, ఓటీపీ వచ్చేలోపు మరోసారి ఆలోచించుకునే వీలు దానివల్ల దక్కింది. ఇప్పుడు యూపీఐ లైట్‌లో చిన్న మొత్తాలకు పిన్ కూడా అక్కర్లేదు. పెద్ద మొత్తాలకు ‘నో కాస్ట్ ఈఎంఐ’ సిద్ధంగా ఉంటుంది.

కొన్నది ఇంట్లోకి వచ్చాక ఇక కదలదు. దీనికీ కారణం ఉంది. కానెమన్, నెట్ష్, థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగాన్ని 1990లో ప్రచురించారు. సగం మంది విద్యార్థులకు కాఫీ కప్పులు ఇచ్చి, ఎంతకు అమ్ముతారని అడిగారు. కప్పు అందని మిగతా సగం మందిని, ఎంత పెట్టి కొంటారని అడిగారు. కప్పు చేతిలో ఉన్నవాళ్లు చెప్పిన ధర, లేనివాళ్లు ఇస్తామన్న ధరకు రెట్టింపు పైనే ఉంది. కొద్దిసేపటి క్రితం ఉచితంగా వచ్చిన కప్పు మీదే అంత మమకారం ఉంటే, డబ్బు పోసి కొన్న మిక్సీని పాడైపోయినా వదలలేకపోవడంలో వింతేముంది?

తెలుగిళ్ల సజ్జ మీద, అటక మీద చూస్తే ఆ మమకారమంతా కనిపిస్తుంది. గృహప్రవేశాలకు, సీమంతాలకు వచ్చిన స్టీలు డబ్బాలు ఇచ్చినవాళ్ల పేర్లు చెక్కించుకుని వరసగా ఉంటాయి. టీవీ వచ్చిన అట్టపెట్టె, ఎవరూ తొక్కని వ్యాయామ సైకిలు, ఒక్క పెళ్లికే కట్టిన పట్టుచీర, ఛార్జర్ పోయిన ఫోన్లు కూడా అక్కడివే. చదరపు అడుగు 6,000 రూపాయలు పోసి కొన్న ఫ్లాటులో ఇవన్నీ 20 చదరపు అడుగులు ఆక్రమిస్తే, వాటి కింద చిక్కుకున్న చోటు ఖరీదే 1,20,000 రూపాయలు. సామాన్ల ధర దానికి అదనం.

అలాగని దాచుకున్న ప్రతి ఇంటినీ తప్పుపట్టడం న్యాయం కాదు. కరువు చూసిన తరం, రేషను క్యూల్లో నిలబడిన తరం ఏదీ పారేయకపోవడం బతకడానికి నేర్చుకున్న పద్ధతి. ఆ ఇళ్లలో పాత చీర బొంతయ్యేది, పసిబిడ్డకు ఉయ్యాలయ్యేది. చిల్లిపడిన బిందెకు మాటు పడేది. మిగిలిన బట్టలు స్టీలు సామాన్లవాడి గంపలోకి వెళ్లి గిన్నెగా తిరిగొచ్చేవి. వస్తువు ఒకచోట పడి ఉండేది కాదు, చేతులు మారుతూ ఉండేది. ఇక దేన్నీ వదులుకోలేక ఇంట్లో నడవడానికి కూడా దారి లేనంతగా పోగుచేసేవారి సంగతి వేరు. దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ మానసిక రుగ్మతగా గుర్తించింది. వాళ్లకు కావలసింది వైద్యం, ఎగతాళి కాదు.

జనం కొనడం మానేస్తే చేతివృత్తులవాళ్లు ఏమైపోతారన్న ప్రశ్న గట్టిదే. దానికి జవాబు మంగళగిరిలో, పోచంపల్లిలో దొరుకుతుంది. ఏళ్ల తరబడి కట్టుకునే ఒక్క నేత చీర కొంటే మగ్గానికి పని దొరుకుతుంది. ఆఫర్లో వచ్చాయని తెచ్చి రెండుసార్లు కట్టి పక్కన పడేసిన నాలుగు చీరలతో ఆ మగ్గానికి ఒరిగేదేమీ లేదు. కుక్కరు గ్యాస్కెట్ మార్చేవారికి, చెప్పులు కుట్టేవారికి, సెల్‌ఫోన్ బాగుచేసే కుర్రాడికి పని దొరికేది కూడా జనం పాతదాన్ని వాడుకున్నప్పుడే. పారేసినవాటి సంగతి చూస్తే, 2022లో ప్రపంచమంతటా 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగుపడ్డాయనీ, వాటిలో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినది 22.3 శాతమేననీ ఐక్యరాజ్య సమితి సంస్థల నివేదిక చెబుతోంది.

ఇంట్లోవాళ్లు ముందుగా చేయగలిగిన పని ఆ పోయిన వ్యవధిని తిరిగి తెచ్చుకోవడం. యాప్‌లో దాచిన కార్డు వివరాలు తీసేయవచ్చు. నచ్చిన వస్తువు పేరు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించి, వచ్చే నెల ఒకటో తారీకు దాకా ఆగవచ్చు. కొనేముందు అది ఇంట్లో ఎక్కడ ఉంటుందో, దాని కోసం ఏది బయటికి వెళుతుందో ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవచ్చు. రిటర్న్ గిఫ్టుగా మరో ప్లాస్టిక్ డబ్బాకు బదులు అరిసెలో, మామిడిపళ్లో పెడితే ఏ సజ్జా బరువెక్కదు.

మిగతాది ప్రభుత్వం చేయాలి. డార్క్ ప్యాటర్న్స్ ఉన్నాయేమో మీరే తనిఖీ చేసుకోండని 2025 జూన్‌లో సీసీపీఏ ఈ-కామర్స్ సంస్థలకు సూచించింది. ఎవరి లెక్క వాళ్లే దిద్దుకుంటే సరిపోదు. దసరా, దీపావళి అమ్మకాల వేళ ‘ఇంకా రెండే’ అన్న మాట నిజమో కాదో బయటివారితో పరీక్ష చేయించి, ఫలితాలను కంపెనీల పేర్లతో సహా తెలుగులో కూడా ప్రకటించాలి. మోసపోయామనుకున్నవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయాలి. ఆ ఫిర్యాదులు ఎన్ని వచ్చాయో, ఎవరి మీద ఏ చర్య తీసుకున్నారో పండగ సీజన్ ముగిసిన నెలలోపే జనం ముందు పెట్టాలి.