క్రొత్త ఇంజనుకు మచ్చిక

గత సంవత్సరము మా విజ్ఞానసంఘపు బాలబాలికలు చందాలు వేసికొని, రేడియో సంకేతములచే నడచు చిన్న లారీ నొకదానిని తెప్పించిరి. అది బ్యాటరీతో నడచునది కాదు. రెండున్నర ఘన సెంటీమీటర్ల నైట్రో ఇంజను గలది. పెట్టె విప్పిన దినముననే వివాదము పుట్టెను. వెంటనే మైదానమున పరుగెత్తింపవలెనని పిల్లలనిరి. క్రొత్త కోడెను తొలినాడే బరువుబండికి కట్టుదురా యని మేమంటిమి. ఇరుపక్షముల వారమును తప్పితిమని నేడు ఒప్పుకొనుటకు సంకోచింపము.

ఈ ఇంజనున పిస్టను అల్యూమినియముది. అది కదలాడు తొడుగు ఇత్తడిది. లోపల క్రోమియము పూత గలది. తొడుగు పైభాగము రవంత ఇరుకై యుండును. కావున చల్లగా నున్నప్పుడు పిస్టను పైకొసకు చేరగనే బిగిసిపోవును. దీనికి ఆంగ్లమున గల మాటను తెలుగున ఏమందుమా యని మేము నిఘంటువు తిరుగవేయుచుండగా, మెకానిక్కు కుమార్తెయైన యొక ఎనిమిదవ తరగతి బాలిక "పట్టు" అనెను. నిఘంటువు మూసివేసితిమి. వేడెక్కగనే ఇత్తడి వ్యాకోచించి ఈ పట్టు సడలును. అప్పుడే రెండు లోహములును ఒండొంటి గరుకును అరగదీసికొని పొందుపడును.

ఇది తెలియక మేము అతిజాగ్రత్తచే మొదటి రెండు టాంకుల ఇంధనమును, బండిని కదలనీయక, ఇంజనును చల్లగా నుంచియే మండించితిమి. పిస్టను ప్రతి చుట్టునను పట్టులో ఒరసికొనుచునే యుండెను. మెల్లగా నడుపుట వేఱు, చల్లగా నడుపుట వేఱు. మూడవనాడు పిల్లలు విసిగి, మేము లేని వేళ ఇంధనపు మరను బిగించి పూర్తి వేగమున విడిచిరి. ఈ ఇంజనుకు నూనె యందునది ఇంధనముతోడనే. ఇంధనము తగ్గిన నూనెయు తగ్గును, వేడి పెరుగును. పొగ మాయమయ్యెను, పిమ్మట ఇంజను ఆగిపోయెను. పిస్టనుపై గీతలు పడినవి. మరల చందా ఇంట అడుగజాలక నలుగురు పిల్లలు సంఘమునకు వచ్చుట మానిరి. మాకు ఇంజను పోయినదానికంటె ఇదియే కష్టముగా తోచినది.

క్రొత్త పిస్టను, తొడుగు పాఠశాల నిధితో తెప్పించితిమి. ఈసారి మర వదులుగా నుంచి, పొగ ధారాళముగా వచ్చునట్లు చేసి, తలభాగము సుమారు 100 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి చేరువరకు కొంచెము కొంచెముగా పరుగులు పెట్టించితిమి. పైన వేసిన నీటిబొట్టు చుయ్యిమని ఎగిరిపోరాదు. మూడు నాలుగు క్షణములు నిలిచి యింకవలెను. టాంకు ముగియగనే పిస్టనును అడుగుకొసకు త్రిప్పి చల్లారనిత్తుము; లేనిచో చల్లారి ముడుచుకొను తొడుగు దానిని బిగియబట్టును. ప్రతి టాంకు తరువాత మరను చుట్టులో వీసమువంతు మాత్రమే బిగింతుము.

ఇంధనము పోయుట మాత్రము ఉపాధ్యాయులే చేయవలెనని మా దృఢమైన అభిప్రాయము. అందలి మెథనాలు విషము. పట్టపగలు దాని మంట కంటికి కానరాదు. తక్కినదంతయు పిల్లల చేతికే విడువవలెను. ఇక ఈ సంఘమున చందా యుండరాదని ప్రధానోపాధ్యాయులకు వ్రాసి యిచ్చితిమి. వచ్చు శనివారము ఆరవ టాంకు. మర త్రిప్పుటకు ఆ నలుగురిని పిలిపించితిమి, ముగ్గురు వత్తుమనిరి.