పడలేదు అనే మాట

మా చెల్లె బిడ్డను సిరిసిల్లకు ఇచ్చాం. తొలి కాన్పుకు జగిత్యాలలో తల్లిగారింటికి వచ్చింది. నేను కోరుట్ల నుంచి బస్సెక్కి ఆసుపత్రికి చేరేసరికే మనవరాలు పుట్టింది. ఒంటి మీద సన్నని ఎర్రచుక్కలు. ఉడుకుకు వచ్చాయని ఒకరు, దోమలని ఒకరు అన్నారు. నర్సమ్మ వేలితో నొక్కి చూసింది. చుక్కలు చెరగలేదు. వెంటనే రక్తపరీక్షకు పంపింది.

లక్షన్నరకు పైన ఉండాల్సిన ప్లేట్‌లెట్లు 22 వేలే ఉన్నాయి. తల్లికి మాత్రం సరిగ్గానే ఉన్నాయి. ప్లేట్‌లెట్లనగానే మనకు డెంగీ గుర్తొస్తుంది. ఇది వేరు. బిడ్డ ప్లేట్‌లెట్ల మీద తండ్రి నుంచి వచ్చిన గుర్తు ఒకటి ఉంటుంది. అది తల్లికి లేకపోతే, ఆమె ఒళ్లు దాన్ని పరాయిదనుకుని యాంటీబాడీలు తయారుచేయవచ్చు. అవి మావి దాటి బిడ్డ ప్లేట్‌లెట్లను నాశనం చేస్తాయి. ఆర్‌హెచ్ నెగెటివ్ తల్లుల సంగతి లాంటిదే. కాకపోతే ఇది తొలి కాన్పులోనే రావచ్చు. పెద్ద భయం మెదడులో రక్తస్రావం.

పాపకు ప్లేట్‌లెట్లు ఎక్కించారు, ఇమ్యునోగ్లోబులిన్ ఇచ్చారు. తల స్కానింగ్‌లో ఏమీ లేదు. మూడు వారాల్లో కౌంటు సరైంది.

మా వియ్యపురాలి నోట వచ్చిన మాట మాత్రం సరికాలేదు. "తల్లి రక్తమే బిడ్డకు పడలేదట" అన్నది. డాక్టరు చెప్పిందీ దాదాపు అదే. కానీ అత్తాకోడళ్లకు పడలేదన్నా, అన్నదమ్ములకు పడలేదన్నా తప్పెవరిదని వెతకడం మనకు అలవాటు. ఇక్కడ వెతకడానికి తప్పే లేదు. తిన్న తిండి వల్ల రాలేదు, చేసిన పని వల్ల రాలేదు. రోగాల నుంచి మనల్ని కాపాడే గుణమే ఇక్కడ పొరబడింది. అట్లని తండ్రి తప్పూ కాదు.

నింద వేస్తే ఆడపిల్ల దాచుకుంటుంది. "తొట్టెల నాడు ఎవ్వరికీ చెప్పకు పెద్దమ్మా" అని మా పిల్ల నా చెయ్యి పట్టుకుంది. నా భయం అక్కడే. ఇది తర్వాతి కాన్పులో మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. కడుపులో ఉండగానే బిడ్డకు ముప్పు రావచ్చు. ముందే చెబితే గర్భంలో ఉండగానే తల్లికి మందిస్తారు, ప్లేట్‌లెట్లు సిద్ధం పెట్టుకుని కాన్పు చేస్తారు. దాస్తే డాక్టరుకు ఎట్లా తెలుస్తుంది?

అందుకే డిశ్చార్జి కాగితం జిరాక్స్ తీసి వియ్యపురాలి చేతికే ఇచ్చాను. "వదినా, మళ్ల నెల తప్పినప్పుడు దీన్ని డాక్టరుకు మీరే చూపెట్టాలె" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. మడిచి బ్యాగులో పెట్టుకుంది.