మేనేజర్ గారూ, అది ఇనుము!

రిలీజు ముందు వరసగా మూడు శని, ఆదివారాలు ఆఫీసుకి రమ్మన్నాక, మీటింగులో ఎవరో ఒకరు "నిప్పుల్లో కాలితేనే కత్తికి పదునండీ" అంటారు. అందరం తలూపుతాం. నాకు మాత్రం ఆ పోలిక మీదే అభ్యంతరం. కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడేది ఉక్కు. ఇత్తడి సంగతి పూర్తిగా తిరగేసి ఉంటుంది. దెబ్బలకి బిరుసెక్కుతుంది, కాలిస్తే మెత్తబడుతుంది.

మా కోనసీమలో పాత ఇళ్ళల్లో ఇత్తడి బిందెలకి కొదవ లేదు. రావులపాలెం దగ్గర వశిష్ఠ దాటి, సిద్ధాంతం మీదుగా తణుకు వైపు వెళ్తే పెరవలి దగ్గర అజ్జరం. ఇత్తడి సామానుకి పేరున్న ఊరు. రేకుని సుత్తితో సాగగొట్టే కంచరివాళ్ళని అడిగి చూడండి. ఆపకుండా కొడితే రేకు చిట్లుతుంది. అందుకే మధ్యమధ్య నిప్పుల్లో పెట్టి, మెత్తబడ్డాకే మళ్ళీ సుత్తి అందుకుంటారు.

ఇదే ఇత్తడితో అమెరికాలో ఇంకో ముచ్చట. తుపాకుల పిచ్చి ఉన్న కొందరు, కంపెనీలు అమ్మని కొలతలతో సొంత తూటాలు డిజైన్ చేసుకుంటారు. వాటిని వైల్డ్‌కాట్‌లు అంటారు. మన భాషలో ఫోర్క్ అన్నమాట. పి.ఓ. ఆక్లే అనే తుపాకుల మేస్త్రి ఇందులో పెట్టింది పేరు. తూటా గొట్టం ఇత్తడిదే. నూటికి 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు. మామూలు తూటాని, కొత్త ఆకారంలో తొలిచిన తుపాకీలో పెట్టి పేలిస్తే, లోపలి ఒత్తిడికి గొట్టం ఉబ్బి ఆ ఆకారం తెచ్చుకుంటుంది. దీన్నే ఫైర్‌ఫార్మింగ్ అంటారు. (మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు చేస్తే 1959 ఆయుధాల చట్టం ఊరుకోదు. ప్రయత్నించకండి!)

ఇంతవరకే వింటే మేనేజర్ గారికి సంతోషం. "చూశారా, ఒత్తిడితోనే ఆకారం వచ్చింది!" నిజమే. కానీ అదే గొట్టాన్ని మళ్ళీ మళ్ళీ వాడితే మెడ బిరుసెక్కి పగులుతుంది. తెలిసినవాళ్ళు అప్పుడప్పుడూ మెడని మాత్రం వేడిచేసి మెత్తబరుస్తారు. అడుగుకి వేడి తగలనివ్వరు. అది మెత్తబడితే పేలుడుకి ఆగదు.

ఇంకో సంగతి మన దేశంలోనే జరిగింది. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాలు, పేల్చకుండానే, ఉన్నచోటే పగిలేవి. కారణం 1921లో తేలింది. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా ఒకటి, తయారీలో లోహంలో మిగిలిపోయిన ఒత్తిడి రెండోది. మందు కూడా వేడే. తగుమాత్రం కాచి ఆ ఒత్తిడి తీసేస్తే పగుళ్ళు ఆగాయి.

మన టీముల్లో జరిగేదీ ఇదే కదా? రిలీజు బ్రహ్మాండంగా అవుతుంది, పార్టీ కూడా అయిపోతుంది. మూడు నెలలకి, ఏదో చిన్న మాటకి, ఉన్నవాళ్ళల్లో మంచి ఇంజనీరు రాజీనామా పెడతాడు. "ఇంత చిన్నదానికా?" అని ఆశ్చర్యపోతారు. ఆ చిన్న మాట అమ్మోనియా లాంటిది. రెండో కారణం రిలీజు నాటినుంచీ లోపలే ఉంది.

ఒత్తిడి అసలొద్దని నేననను. అది లేకుండా బిందె అవదు, ప్రాజెక్టూ అవదు. నా గొడవల్లా ప్లానుతోనే. సుత్తి దెబ్బలన్నిటికీ తేదీలేస్తాం, కాకకి మాత్రం ఒక్క గడి ఉండదు. రిలీజు తర్వాత వారం సెలవుని ఎవరి దయకో వదిలేయకుండా, ముందే షెడ్యూల్లో రాయండి. ఎవరు ఎక్కడ బిరుసెక్కారో చూసి అక్కడ వెసులుబాటు ఇవ్వండి. కంచరివాడు రేకు మీద జాలిపడి కాల్చడు. బిందె కావాలి గనక కాలుస్తాడు.